పాత కామిక్స్ సేకరించేవాళ్లు బెంగళూరు కామిక్ కాన్‌కు ఎలా వెళ్లాలి

ముందే చెప్పేస్తే నయం: ఏటా జరిగే కామిక్స్ ఉత్సవమైన బెంగళూరు కామిక్ కాన్‌లో పాత కామిక్స్ గుట్టలుగా పోసి ఉండవు. లోపల అడుగుపెట్టగానే ఎదురయ్యేవి జపాన్ యానిమే కార్టూన్ల పాత్రల వేషాలు, వీడియో గేముల తెరలు, టీషర్టులు, కీచైన్లు, ఫోముతో చేసిన నిలువెత్తు కత్తులు. ఇంద్రజాల్ కామిక్స్ కోసమో, తొలినాటి అమర చిత్ర కథల కోసమో వెళ్లిన నడివయసు మనిషికి మొదటి పావుగంట వేరేవాళ్ల పెళ్లిపందిట్లో కూర్చున్నట్టు ఉంటుంది. ‘ఇదంతా పిల్లల గోల’ అని పెదవి విరిచి అక్కడి నుంచే వెనుదిరిగేవాళ్లను చాలామందిని చూశాను.

ఆ తొందర పనికిరాదు. ఆ హాలులో పాత పుస్తకాలు తక్కువే. కానీ ఇంట్లో అటక మీద పాత పుస్తకాలు ఉన్న మనుషులు అంతమంది ఒకచోట ఏడాదిలో మళ్లీ ఎక్కడా దొరకరు. మీరు వెళ్లాల్సింది వాళ్ల కోసం. పుస్తకాలు చేతులు మారేది ఆ తర్వాత, చర్చ్ స్ట్రీట్‌లో కాఫీ తాగుతూనో, నెల తిరిగాక పోస్టులోనో. కాబట్టి తయారీ అంతా దానికి తగ్గట్టే ఉండాలి.

నెల ముందు: జాబితా

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. జాబితా లేకుండా వెళ్లినవాడు ఇంట్లో ఉన్నదాన్నే మళ్లీ కొనుక్కొస్తాడు.

మూడు కాగితాలు రాసుకోండి. మొదటిది మీ దగ్గర లేనివి. రెండోది ఉన్నా అట్ట చిరిగిందో, మధ్య పేజీలు పోయాయో, కాబట్టి మెరుగైన ప్రతి దొరికితే మార్చుకోవాల్సినవి. మూడోది డూప్లికేట్లు, అంటే మీ దగ్గర ఒకటికి మించి ఉన్న ప్రతులు. మొదటి కాగితం మీకోసం, మూడోది ఎదుటివాళ్లకోసం. ఎదుటివాళ్లు మీ దగ్గర ఆగేది మూడో కాగితం చూసే. ఏ కాగితం మీదా ధర మాత్రం రాయకండి.

పేర్లతో కాకుండా సంచిక సంఖ్యలతో రాయాలి. ఇంద్రజాల్‌లో వచ్చే ముసుగు వీరుడు ఫాంటమ్ కథ ఒకటే వేర్వేరు పేర్లతో మళ్లీ వచ్చి ఉండవచ్చు, అట్ట మారి ఉండవచ్చు. సంఖ్య రాసుకునేటప్పుడు ఒక్కో ప్రచురణకు ఒక్కో మెలిక ఉంటుంది. ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో మొదలై 1990లో ఆగిపోయాయి. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ల బెనెట్ కోల్‌మన్ సంస్థ వేసేది. సమ్మె కారణంగా 123, 124 సంచికలు అసలు వెలువడలేదు. జాబితాలో వాటికోసం ఖాళీ వదిలి ఏళ్లతరబడి వెతకకండి. 1980లలో వరుస సంఖ్య మానేసి సంపుటం, సంచిక అని వేయడం మొదలుపెట్టారు కాబట్టి ఆ కాలానివి ఆ పద్ధతిలోనే రాసుకోవాలి.

అమర చిత్ర కథ మెలిక బెంగళూరుకు సంబంధించినదే. 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో మొదలైన ఆ వరుసలో ‘కృష్ణ’ సంఖ్య 11. మరి మొదటి పది ఏవి అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అవి అంతకుముందు కన్నడంలో వచ్చిన పాశ్చాత్య జానపద కథలు. మన పురాణాలు పదకొండో సంఖ్య నుంచి వచ్చాయి. తర్వాత పునర్ముద్రణల్లో సంఖ్యలు మార్చి 501 నుంచి వేశారు. ఆ లెక్కలో ‘కృష్ణ’ 501 అయింది. అందుకే జాబితాలో పాత సంఖ్య, కొత్త సంఖ్య రెండూ ఉండాలి. లేకపోతే ‘నా దగ్గర 501 ఉందండీ’ అన్న మనిషికి ఏం జవాబు చెప్పాలో తెలియదు.

చందమామ కామిక్ కాదని వాదించేవాళ్లు ఉన్నారు. ఉండనివ్వండి. తెలుగు సేకర్తల పెట్టెల్లో సగం అదే. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ సంచికలతో మొదలైంది కాబట్టి దాన్ని నెల, సంవత్సరంతో రాసుకుంటే చాలు.

జాబితాను ఫోనులో ఫొటోగా ఉంచుకోండి, కాగితం కూడా జేబులో పెట్టుకోండి. జనం పెరిగాక హాలులో నెట్‌వర్క్ మొరాయిస్తుంది. ఇంటర్నెట్‌లో దాచిన జాబితా అప్పుడు తెరుచుకోదు.

వారం ముందు: టికెట్టు, సామాను, డబ్బు

బెంగళూరులో ఈ ఉత్సవం 2012లో కోరమంగళ ఇండోర్ స్టేడియంలో మొదలైంది. ఇటీవలి సంవత్సరాల్లో వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీవో ప్రదర్శనశాలలో, సాధారణంగా చలికాలంలో జరుగుతోంది. తేదీలు ఏటా అటూఇటూ మారతాయి కాబట్టి చూసుకుని ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. ఒక్కరోజే వెళ్లగలిగితే శనివారం ఎంచుకోండి. శనివారం పరిచయమైన మనిషిని ఆదివారం తీరిగ్గా కలవవచ్చు. ఆదివారం సాయంత్రం పరిచయమైతే ఆయన సంచి సర్దుకుని రైలుకు పరుగెడుతుంటాడు.

వెళ్లడానికి మెట్రోనే మేలు. పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పోతుంది. దిగాక ఆటో. తిరుపతి, చెన్నై వైపు నుంచి రైలులో వచ్చేవాళ్లు సిటీ స్టేషన్ దాకా పోకుండా కృష్ణరాజపురంలో దిగితే దగ్గరలోనే మెట్రో ఉంది. కారులో వెళ్తే పార్కింగు దగ్గరే ఉత్సాహమంతా ఆవిరైపోతుంది.

సంచిలో ఇవి ఉండాలి: అట్టకు రెండువైపులా గట్టి కార్డుబోర్డు ముక్కలు, పాలీప్రొపిలీన్ కవర్లు, భూతద్దం, ఫోనులోదే అయినా సరే ఒక టార్చి, కొలత టేపు, పెన్సిలు. కవర్ల విషయంలో జాగ్రత్త. మెత్తగా సాగుతూ ఒకరకం ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లు కాలక్రమంలో అట్టకు అతుక్కుపోతాయి. బట్టల దుకాణాల్లో చొక్కాలకు వేసే గలగలమనే పారదర్శక కవర్లు చవక, మేలు. అమెరికన్ కామిక్స్ కొలతకు చేసిన కవర్లు మన పత్రికలకు సరిపోకపోవచ్చు. ఇంటిదగ్గరే మీ పుస్తకాలను కొలిచి తెచ్చుకోండి.

డబ్బు రెండు జేబుల్లో పెట్టుకోవడం నా అలవాటు. ఒకటి పాతవాటికి, ఒకటి కొత్తవాటికి. ఒక జేబు ఖాళీ అయ్యాక రెండోదానిలో చెయ్యి పెట్టకూడదు. నెట్‌వర్క్ లేనప్పుడు ఫోను చెల్లింపులు ఆగిపోతాయి, నోట్లు పనికొస్తాయి.

హాలులో: ముందు ఒక చుట్టు

తలుపులు తెరిచే సమయానికే వెళ్లండి. మొదటి గంటలో ఏమీ కొనకుండా అన్ని వరుసలూ ఒకసారి తిరగండి. పాతవి పెట్టిన దుకాణాలు ఏమూలనో ఒకటో రెండో ఉంటాయి. అవి కూడా ముందువరుసలో కొత్త అమెరికన్ కామిక్స్, బొమ్మలు పెట్టి, పాతవాటిని బల్ల కింద అట్టపెట్టెలో ఉంచుతాయి. ‘పాత ఇండియన్ కామిక్స్ ఏమైనా ఉన్నాయా?’ అని అడిగితే గానీ ఆ పెట్టె బయటికి రాదు.

ఇక మనుషులు. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. పెద్ద విలువ లేని డూప్లికేట్ ఒకటి, చూడగానే గుర్తుపట్టే అట్ట ఉన్నది, పారదర్శక కవరులో వేసి చేతిలో పట్టుకుని తిరగండి. సంచిలో పెడితే ప్రయోజనం లేదు. ఎవరో ఒకరు ఆగి ‘ఇది మా ఇంట్లో ఉండేదండీ’ అంటారు. ఆ మాటలో ‘ఉండేది’ అన్నారా, ‘ఉంది’ అన్నారా జాగ్రత్తగా వినండి.

వేషాలు వేసుకున్న పిల్లలను చిన్నచూపు చూడకండి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు వాళ్లలో చాలామంది. ఒకసారి నీలంరంగు విగ్గు పెట్టుకుని వరుసలో నిలబడిన ఒక అమ్మాయి నా చేతిలోని ఇంద్రజాల్ మాండ్రేక్ సంచికను చూసి పలకరించింది.

“ఇలాంటివి మా తాతయ్య గదిలో ట్రంకుపెట్టె నిండా ఉన్నాయండీ. సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు పాత పేపర్లవాడికి వేసేస్తానంటోంది అమ్మ.”

“అమ్మగారిని కాస్త ఆగమనమ్మా. ముందు ఆ పెట్టె తెరిచి నాలుగు ఫొటోలు తీసి పంపించు.”

ఇలాంటి సంభాషణలకే నేను టికెట్టు కొంటాను. అయితే ఒక నియమం పెట్టుకోండి. విలువ తెలియని ఇంట్లో కాగితం తూకానికి పుస్తకాలు కొనకూడదు. దేనికి ఎంత పలుకుతుందో వాళ్లకు చెప్పి, అప్పుడు బేరమాడండి. ఆ ఇంటివాళ్లు బంధువుల అటకల గురించి కూడా మీకే చెబుతారు.

మరో మాట. దుకాణం అద్దెకు తీసుకోకుండా హాలులో నేలమీద పుస్తకాలు పరిచి అమ్మబోతే నిర్వాహకులు ఒప్పుకోరు. మార్పిడులు బయట పెట్టుకోండి. ఫోను నంబరు, డూప్లికేట్ల జాబితా రాసిన చిన్న చీటీలు కొన్ని తీసుకెళ్లి ఇవ్వండి. పేరు రాసుకునే ఓపిక ఎదుటివాళ్లకు ఉండదు.

చేతిలోకి తీసుకుని చూడటం

పాతది అమ్మే ప్రతి ఒక్కరూ ‘మొదటి ముద్రణ’ అనే అంటారు. చాలామంది మోసం చేయాలని అనరు, వాళ్లకూ అలాగే చెప్పి అమ్మి ఉంటారు. తేల్చుకోవాల్సింది మీరే. అందుకు కొన్ని పట్లు ఉన్నాయి.

చిరునామా చూడండి. దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ అమల్లోకి వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు బొంబాయి 26, మద్రాసు 26 అని రాసేవారు. ఒక దుకాణంలో అమ్మే కుర్రాడు తొలినాటి అమర చిత్ర కథ ఒకటి కవరులో పెట్టి, మొదటి ముద్రణ అని రాసి, ధర దాని పక్కనే వేశాడు. తీసి చూపించమంటే చూపించాడు. లోపలి అట్ట అడుగున సన్నటి అక్షరాల్లో ప్రచురణకర్త చిరునామా, దాని చివర ‘బొంబాయి 400 026’. ఆ కథ మొదటిసారి వెలువడింది 1972కు ముందు. అంటే చేతిలో ఉన్నది తర్వాతి ముద్రణ. ఇలాంటప్పుడు గట్టిగా వాదించకండి. ‘బాబూ, ఈ పిన్‌కోడ్ ఒకసారి చూడు’ అని వేలితో చూపిస్తే చాలు, ధర దానంతటదే దిగివస్తుంది. చందమామకూ ఇదే పరీక్ష. వడపళని చిరునామాలో ‘మద్రాసు 600 026’ అని ఉంటే 1972కు తర్వాతిదే. ఊరిపేరు చెన్నై అని ఉంటే 1996కు తర్వాతిది.

వెనక అట్ట మీది జాబితా చూడండి. అమర చిత్ర కథల్లో అప్పటివరకు వచ్చిన పుస్తకాల పట్టిక ఉంటుంది. చేతిలో ఉన్న సంచిక సంఖ్య యాభై అయి, పట్టిక రెండు వందల దాకా వెళ్లిందంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ధర చూడండి. అణాల్లో ఉంటే నాణేల మార్పు జరిగిన 1957 ప్రాంతానికి ముందుది. ‘నయా పైసలు’ అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. 1964 జూన్ నుంచి ‘నయా’ పోయి ఉత్త పైసలు మిగిలాయి. ధర మీద స్టిక్కరు అతికించి ఉంటే దాన్ని గీకకండి, వెనక నుంచి టార్చి వేసి చూడండి.

తర్వాత పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరవండి. రెండు పిన్నులూ ఉన్నాయా, మధ్య కాగితం వాటికి పట్టుకుని ఉందా చూడాలి. పాత పుస్తకంలో అన్నిటికన్నా ముందు ఊడిపోయేది ఆ కాగితమే. పిన్నులు తుప్పుపట్టి చుట్టూ గోధుమరంగు మరక ఉంటే అది తేమ పట్టిన పుస్తకం. కానీ పిన్నులు తళతళలాడుతూ కాగితం మాత్రం పండిపోయి ఉంటే ఎవరో కొత్త పిన్నులు వేశారు, అంటే పేజీలు విప్పి కలిపారు. అప్పుడు ప్రతి పేజీ సంఖ్యా లెక్కపెట్టాలి.

భూతద్దం నకళ్ల కోసం. పాత అచ్చులో రంగులు విడివిడి చుక్కలుగా కనిపిస్తాయి. దాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే ఆ చుక్కలు అలుక్కుపోయి, వాటిమీద ఇంకో చుక్కల వల పడినట్టు ఉంటుంది. నల్ల గీతల అంచులు కూడా మెత్తబడతాయి. నకలు కొనడం తప్పేమీ కాదు, చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. అసలు ధర పెట్టి కొంటేనే చిక్కు.

మన ఊళ్ల నుంచి వచ్చినవాటిలో అద్దె పుస్తకాల షాపు ప్రతులు చాలా ఉంటాయి. దళసరి అట్ట వేసి, అంచున దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టి, మొదటి పేజీ మీద షాపు రబ్బరుముద్ర వేసినవి. కొందరు వీటిని ముట్టుకోరు. నాకు మాత్రం ఇష్టమే, ధర కూడా తక్కువ. కాకపోతే కుట్టు లోపలి అంచు బొమ్మను తినేసిందేమో, బైండు చేసేటప్పుడు పై అంచు కత్తిరించారేమో చూసుకోవాలి. కొలత టేపు ఇక్కడే పనికొస్తుంది. చందమామ బైండు సంపుటాల్లో నెలనెలా అట్టలు పీకేసి కుట్టించడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. అట్టలు లేని సంపుటానికి అట్టలున్న ధర ఇవ్వకండి. వడ్డాది పాపయ్య గీసిన అట్టలు పోయిన సంవత్సరానికి అసలే ఇవ్వకండి.

అమెరికన్ కామిక్స్ అమ్మేవాళ్లు ‘ఇది తొమ్మిది పాయింట్ ఎనిమిది’ అంటే తడబడకండి. ఆ పది పాయింట్ల కొలత సీజీసీ వంటి సంస్థలు పుస్తకాన్ని పరిశీలించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చేది. పెట్టె లేకుండా నోటితో చెప్పే అంకె అమ్మేవాడి అభిప్రాయం మాత్రమే. పెట్టె ఉంటే దాని మీది ధ్రువీకరణ సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మన పుస్తకాలను అలా బిగించడం నాకు రుచించదు. తెరిచి చదవడానికి వీల్లేని ఫాంటమ్ నాకెందుకు?

బేరం

నచ్చినదాన్ని ముందు అడగకండి. నాలుగైదు తీసి పక్కన పెట్టి, వాటి మధ్యలో దాన్ని ఉంచి, మొత్తానికి ఎంత అని అడగండి. ‘నా వరుసలో ఇదొక్కటే తక్కువైంది’ అని నోరు జారారా, ఇక తగ్గింపు ఉండదు. సాయంత్రం తగ్గుతుందని కాచుకోవడం కొత్త సరుకు విషయంలో పనిచేస్తుంది. పాతవి ఒక్కో ప్రతే ఉంటాయి కాబట్టి ధర సబబుగా ఉంటే అప్పుడే తీసుకోండి.

చిత్రకారుల వరుస

పాత సరుకు సేకరించేవాళ్లు ఈ వరుసను దాటేసి పోతుంటారు. అలా చేయకండి. స్వయంగా బొమ్మ గీసి, స్వయంగా అచ్చువేయించుకుని, స్వయంగా బల్ల దగ్గర కూర్చుని అమ్మే భారతీయ రచయితలు, చిత్రకారులు ఇక్కడే ఉంటారు. వాళ్లు వేసే ప్రతులు తక్కువ. మళ్లీ అచ్చవుతాయన్న భరోసా లేదు. మొదటి సంచికలు కొనండి, సంతకం చేయించుకోండి. నాలుగురకాల అట్టలతో వచ్చే అమెరికన్ కామిక్స్ కన్నా వీటి మీద పెట్టిన డబ్బే నాకు దండగ అనిపించదు.

సంతకాల విషయంలో ఆలస్యం చేయవద్దని ఎందుకంటానంటే: 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి భారతీయ కామిక్ కాన్‌లో అనంత్ పాయ్‌కి జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. కొద్ది రోజులకే, ఫిబ్రవరి 24న, ఆయన పోయారు. చాచా చౌదరి సృష్టికర్త ప్రాణ్ 2014లో, విక్రమార్కుడు భుజాన శవాన్ని మోసుకెళ్లే చందమామ బొమ్మ గీసిన శంకర్ 2020లో వెళ్లిపోయారు. పాతతరం చిత్రకారులు ఎవరైనా అతిథిగా వస్తున్నారని తెలిస్తే ఆ రోజు మిగతా పనులన్నీ మానుకోండి.

సంతకం అట్ట మీద కాకుండా లోపలి మొదటి పేజీలో అడగండి. పాత న్యూస్‌ప్రింట్ మీద స్పిరిట్ మార్కరు అవతలి వైపుకు ఇంకిపోతుంది. పెన్సిలు గానీ బాల్‌పెన్ను గానీ మీరే ఇవ్వండి. బొమ్మ గీయించుకోవాలంటే ముందు ధర అడిగి, వరుసలో మీ వెనక ఉన్నవాళ్లను తలుచుకుని, చిన్నది అడగండి.

మర్నాడు: చర్చ్ స్ట్రీట్

అదే పర్పుల్ లైన్ మీద ఎంజీ రోడ్డులో దిగితే చర్చ్ స్ట్రీట్. బ్లాసమ్, బుక్‌వర్మ్ వంటి పాత పుస్తకాల దుకాణాలు అక్కడే ఉన్నాయి. శనివారం పరిచయమైనవాళ్లను ఉదయం ఇండియన్ కాఫీ హౌస్‌కు రమ్మనండి. బల్ల మీద కాఫీ కప్పులు, పుస్తకాలు కలిపి పెట్టనివ్వకండి. ముందు తాగేయాలి, చేతులు కడుక్కోవాలి, తర్వాతే సంచులు విప్పాలి. మార్పిడిలో ఒకటికి ఒకటి అన్న లెక్క కుదరదు. ఇంద్రజాల్ తొలి సంచికకు 1980లవి కొన్ని ఇవ్వాల్సి వస్తుంది. ఇద్దరి జాబితాలూ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది లేదో ముందు గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత లెక్క కుదుర్చుకోండి.

ఇంటికి వచ్చాక

కొత్తగా తెచ్చినవాటిని వెంటనే మీ అలమారలో పెట్టకండి. నెలరోజులు వేరే పెట్టెలో ఉంచి, వారానికోసారి కింద సన్నటి పొడి రాలిందేమో చూడండి. రాలితే లోపల పురుగు ఉన్నట్టే. మన ఇళ్లలో పుస్తకాలను ఎండలో పెట్టే అలవాటు ఉంది. న్యూస్‌ప్రింట్‌ను మాత్రం ఎండకు పెట్టవద్దు. అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎండకు త్వరగా పండి కాగితం పెళుసవుతుంది. నీడలో, గాలి తగిలేచోట చాలు. నాఫ్తలీన్ ఉండలు కాగితానికి తగలకూడదు. పాత సెల్లోటేపు ఉంటే పీకవద్దు, అట్ట కూడా దానితో వచ్చేస్తుంది.

ఆ రాత్రే జాబితా సరిచేయండి. ఎవరికి ఏది పంపిస్తానన్నారో ఆ పేరు పక్కనే రాయండి. పంపేటప్పుడు పుస్తకాన్ని కవరులో వేసి, దానికన్నా అంగుళం పెద్దవైన రెండు కార్డుబోర్డుల మధ్య పెట్టి, నాలుగు మూలలా టేపు వేసి, మొత్తాన్ని ఇంకో ప్లాస్టిక్ కవరులో చుట్టి స్పీడ్ పోస్టులో వేయండి. టేపు కార్డుబోర్డుకే అంటాలి, పుస్తకం కవరుకు కాదు. లేకపోతే అవతలివాళ్లు కత్తెర పెట్టి కోసేటప్పుడు అట్ట కూడా తెగుతుంది.